మంగళవారం కూడా కూలి రోజే

తెలంగాణ వైద్యారోగ్య శాఖ పెద్దలకు, వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ జిల్లాల వైద్యాధికారులకు,

నమస్కారం. నేను హనుమకొండలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తాను. వయసు 44. అమ్మగారి ఊరు నర్సంపేట పక్కన. డాక్టర్ని కాదు, ఏ పార్టీ మనిషినీ కాదు. మా చిన్నమ్మకు గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ వచ్చింది. ఆమెకు రావడం ఒక బాధ అయితే, అదే ఇంట్లో పుట్టి పెరిగిన నాకు అది రాకుండా ముందే చూసుకునే వీలు ఎలా దొరికింది, ఆమెకు ఎందుకు దొరకలేదు అన్నది ఇంకో బాధ. ఈ లేఖ ఆ రెండోదాని గురించి.

ముందు నా సంగతి చెప్తాను. మా ఆఫీసులో ఏడాదికోసారి హెల్త్ చెకప్ ఉంటుంది. మూడేళ్ల కిందట నలభై దాటిన ఆడవాళ్లకు ముఖద్వార క్యాన్సర్‌ను ముందే పట్టే పాప్ టెస్టు, రొమ్ము పరీక్ష కూడా అందులో కలిపారు. ఉదయం తొమ్మిదింటికి వెళ్లాను, లేడీ డాక్టర్, తలుపు ఉన్న గది, మార్చుకోవడానికి గౌను, పక్కన నర్సు. పదకొండున్నరకి మళ్లీ ఆఫీసులో నా సీట్లో ఉన్నాను. జీతం కోత లేదు. నాలుగు రోజులకు రిపోర్టు వాట్సాప్‌లో వచ్చింది. అప్పుడు నేను దాన్ని ఒక సౌకర్యం అనుకోలేదు, మధ్యాహ్నం లోపు అయిపోయిన ఒక పని అనుకున్నాను, అంతే.

చిన్నమ్మ మా అమ్మకు ఆఖరి చెల్లెలు, నాకంటే ఎనిమిదేళ్లే పెద్ద, చిన్నప్పుడు నన్ను చంకన వేసుకుని తిరిగిన మనిషి. అర ఎకరం భూమి, మిగతాదంతా కూలి. వానాకాలం నాట్లు, కలుపు, దసరా దాటితే పత్తి, ఆ తర్వాత మిర్చి, ఎండాకాలం ఉపాధి హామీ. నేను టెస్టు చేయించుకున్న ఆ ఏడాదే ఆమెకు ముట్లు ఆగిపోయిన తర్వాత మళ్లీ ఎర్రబట్ట కనబడడం మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. దగ్గర దగ్గర ఎనిమిది నెలలు చెప్పలేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గోళీలు తెచ్చుకుంది, తగ్గినట్టు అనిపిస్తే పనికి పోయింది, మళ్లీ వస్తే మళ్లీ గోళీలు. నాకు తెలిసినప్పుడు నేను ఫోన్ చేసి, ప్రతి మంగళవారం ఆడవాళ్ల కోసమే క్లినిక్ నడుస్తుంది, పైసా కట్టే పని లేదు, బస్సు కూడా ఫ్రీయే కదా, పోయిరా చిన్నమ్మా అన్నాను. ఆమె అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. "మంగళవారం పత్తికి పోవాలె బిడ్డా. ఒక్క రోజు పోకపోతే ఆటోల నా జాగల ఇంకొకలు కూసుంటరు."

సార్, మేడమ్, ఈ లేఖ మొత్తంలో మీరు ఒక్క మాటే చదవాలనుకుంటే ఈ మాట చదవండి. బస్సు ఫ్రీ, క్లినిక్ ఫ్రీ, పరీక్ష ఫ్రీ. ఆమె రోజు మాత్రం ఫ్రీ కాదు.

పత్తి ఏరే రోజుల్లో కూలి కిలో లెక్కన ఇస్తారు. పొద్దున ఏడుకి ఆటో ఎక్కి సాయంత్రం దాకా వంగి ఏరితే మా చిన్నమ్మ అరవై కిలోలు ఏరేది, అంటే ఆరేడు వందలు. ఆ సీజను మూడు నెలలే. ఆ మూడు నెలల పైసలతోనే సంఘం లోను వాయిదాలు, మనవడి స్కూలు ఫీజు, యూరియా అప్పు. అలాంటప్పుడు నొప్పి లేని జబ్బును వెతుక్కుంటూ ఆసుపత్రికి పోయి లైన్లో నిలబడమంటే ఎవరు పోతారు చెప్పండి. స్క్రీనింగ్ అంటేనే బాగున్న మనిషి చేయించుకునే పరీక్ష. జ్వరం వస్తే పోక తప్పదు, ఇది అలా కాదు, ఏ బాధా లేని రోజున పోవాలి. జీతంతో సెలవు దొరికే నాలాంటివాళ్లకు అది తేలిక. రోజుకూలికి బతికే మనిషికి అది ఆ రోజు తిండితో బేరం. కాబట్టి "అవగాహన లేదు" అనే మాటను దయచేసి కొంచెం తక్కువ వాడండి. మా చిన్నమ్మకు క్యాన్సర్ అంటే ఏమిటో తెలుసు, వాళ్ల వాడలోనే ఒకామె రొమ్ము క్యాన్సర్‌తో పోయింది.

లెక్కలు మీకు నేను చెప్పాల్సిన పని లేదు, కానీ ఈ లేఖ చదివే మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో జీవితంలో ఒక్కసారైనా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 1.9 శాతం. నూటికి ఇద్దరు కూడా లేరు. రొమ్ము పరీక్ష అయితే 0.9 శాతం, వందమందిని అడిగితే ఒక్కరు కూడా కష్టమే. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి దాదాపు 1 లక్షా 27 వేల మందికి ఈ ముఖద్వార క్యాన్సర్ కొత్తగా వస్తోంది, 80 వేల మంది దాకా చనిపోతున్నారు. 2030 నాటికి ప్రతి దేశంలో నూటికి 70 మంది ఆడవాళ్లకు 35 ఏళ్లలోపు ఒకసారి, 45 లోపు ఇంకోసారి పరీక్ష జరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం పెట్టింది. 70 ఎక్కడ, 1.9 ఎక్కడ.

ఆ 1.9 శాతంలో ఎవరున్నారు? నేనున్నాను. మా ఆఫీసు మేనేజర్ గారి భార్య ఉంది. హనుమకొండలో డయాగ్నస్టిక్ సెంటర్ల ప్యాకేజీలు పండుగ ఆఫర్‌లో కొనుక్కునే వాళ్లున్నారు. చిన్న వయసులో పెళ్లి, చిన్న వయసులో కాన్పులు, ఎక్కువ కాన్పులు ఉన్నవాళ్లకు ఈ జబ్బు ముప్పు ఎక్కువ అని డాక్టర్లే చెప్తారు కదా, మరి వాళ్లు ఏ గల్లీల్లో ఉన్నారు, ఏ తండాల్లో ఉన్నారు? ముప్పు ఎక్కువ ఉన్నచోట పరీక్ష లేదు, పరీక్ష ఉన్నచోట ముప్పు తక్కువ. బ్రిటన్‌లో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు 1971లోనే రాశాడు ఈ సంగతి. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ అందుతుంది అని. గని కార్మికుల ఊళ్లో పనిచేసిన డాక్టరు ఆయన. మన సింగరేణి పక్క ఊళ్లలో పనిచేసినా అదే రాసేవాడు.

ఇది మన పేదరికం వల్లే అనుకుంటే అదీ పూర్తి నిజం కాదు. ఇంగ్లండులో పేగు క్యాన్సర్ పరీక్ష కిట్టు ప్రభుత్వమే పోస్టులో ఇంటికి పంపిస్తుంది, ఉచితం, ఇంట్లోనే చేసుకుని మళ్లీ పోస్టులో పంపాలి. మొదటి 26 లక్షల ఆహ్వానాలను లెక్కపెట్టి 2011లో ఒక అధ్యయనం వచ్చింది. బాగా ఉన్నవాళ్ల ప్రాంతాల్లో 61 శాతం మంది చేయించుకుంటే, బాగా పేద ప్రాంతాల్లో 35 శాతమే. ఇంటి గుమ్మం దాకా ఉచితంగా వచ్చిన పరీక్షకే అంత తేడా ఉంటే, మండల కేంద్రంలో మంగళవారం పెట్టిన పరీక్షకు ఎంత తేడా ఉంటుందో మీరే చెప్పండి. ఉచితం చేశాం, తలుపు తెరిచి పెట్టాం, ఇక వాళ్ల ఇష్టం అని వదిలేస్తే తేడా తగ్గదు, పెరుగుతుంది, ఎందుకంటే తెరిచిన తలుపులోంచి ముందు వచ్చేది ఎప్పుడూ తీరిక ఉన్నవాళ్లే.

మళ్లీ చిన్నమ్మ దగ్గరికి వస్తాను.

పత్తి అయిపోయాక పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లారు, ఊరి ఆర్‌ఎంపీ చెప్పిన చోటికే. స్కానింగ్ తీశారు, గర్భసంచి పాడైంది, తీసేయకపోతే క్యాన్సర్ అవుతుంది అన్నారు. ముఖద్వారం దగ్గర చూసి, అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి కదా, అది ముందు చేయలేదు. ఆపరేషన్ చేసేశారు. తీసిన గర్భసంచిని పరీక్షకు పంపితే మూడు వారాలకు రిపోర్టు వచ్చింది, అప్పటికే క్యాన్సర్ ఉంది, చుట్టూ పాకింది. ముందే తెలిసి ఉంటే ఈ ఆపరేషన్ ఇలా చేసేవాళ్లం కాదు, చికిత్స దారే వేరు అని తర్వాత హైదరాబాద్‌లో డాక్టర్ అన్నారు. ఆసుపత్రి పేరు రాయడం లేదు. ఎందుకంటే ఇది ఒక్క ఆసుపత్రి చేసిన తప్పు అని మీరు అనుకోకూడదు, మా ఊళ్లో ఏ ఇంటికి పోయినా ఇలాంటి కథ ఒకటి ఉంటుంది.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం, తెలంగాణలో 7.7 శాతం. రెట్టింపు కంటే ఎక్కువ. మన ఊళ్లలో తెల్లబట్ట అయితే భయం, నడుమునొప్పి వస్తే భయం, "పిల్లలు అయిపోయిండ్రు కదా, ఇంక ఆ సంచి ఎందుకు, క్యాన్సర్ అయితది తీసేపిచ్చుకో" అనే మాట ఆర్‌ఎంపీ నోటి నుంచి, పక్కింటామె నోటి నుంచి వింటూనే ఉంటాం. ముప్పై అయిదేళ్లకే తీయించుకున్నవాళ్లు నాకు తెలుసు, అప్పు చేసి మరీ, ఆ తర్వాత ఎముకల నొప్పులతో కూలికి పోలేక కూర్చున్నవాళ్లు. చూడండి, మా ఆడవాళ్లకు క్యాన్సర్ అంటే భయం లేదనుకోకండి, వేలకు వేలు పెట్టించేంత భయం ఉంది. ఆ భయాన్ని ఆపరేషన్ బల్ల దగ్గరికి తీసుకెళ్లే మనుషులు ఊరూరా ఉన్నారు, ఒక నిమిషం పరీక్ష దగ్గరికి తీసుకెళ్లే మనిషి లేదు. అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని ఆపడానికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు అమలు చేయండని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ముందు ముఖద్వార పరీక్ష రిపోర్టు లేకుండా, అత్యవసరమైతే తప్ప, గర్భసంచి ఆపరేషన్‌కు ఏ ఆసుపత్రికీ అనుమతి ఉండకూడదు. మిగతావాటికి డబ్బు కావాలంటారేమో, దీనికి ఒక ఉత్తర్వు, దాని మీద తనిఖీ చాలు.

ఒక నిమిషం పరీక్ష అన్నాను కదా, తెలియనివాళ్ల కోసం చెప్తాను. వీఐఏ అంటారు. పలచని ఎసిటిక్ ఆమ్లం, అంటే వంటింటి వెనిగర్ లాంటిదే, ముఖద్వారం మీద దూదితో అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు, తెల్లమచ్చ కనబడితే అనుమానం. శిక్షణ ఉన్న నర్సు చేయొచ్చు, పెద్ద మిషన్లు అక్కర్లేదు. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు మామూలు ఆరోగ్య కార్యకర్తలకు నేర్పించి రెండేళ్లకోసారి ఈ పరీక్ష చేయిస్తే ముఖద్వార క్యాన్సర్ చావులు 31 శాతం తగ్గాయి. మనకు అంత దూరం కూడా కాని మహారాష్ట్ర మరాఠ్వాడాలోని ఉస్మానాబాద్ (ఇప్పుడు ధారాశివ్) జిల్లాలో లక్షా ముప్పై వేల మంది పల్లెటూరి ఆడవాళ్లతో చేసిన అధ్యయనం 2009లో వచ్చింది, జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష, అంటే ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్ ఉందో లేదో చూసే పరీక్ష, చేసినవాళ్లలో ఈ క్యాన్సర్ చావులు సగానికి దగ్గరగా తగ్గాయి. వాళ్లూ జొన్న చేలల్లో, పత్తి చేలల్లో కూలి చేసుకునేవాళ్లే.

ఈ జబ్బు ఒక్క రాత్రిలో వచ్చేది కూడా కాదు. ముఖద్వారంలో మార్పు మొదలై క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. ఈ సంగతి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అంటే చిన్నమ్మకు ముప్పై రెండు, ముప్పై అయిదు ఏళ్లున్నప్పటి నుంచీ సమయం ఉంది. ఆ సమయంలో ప్రభుత్వం ఆమెను ఎన్నిసార్లు కలిసిందో లెక్కేసుకున్నాను. రేషన్ కార్డు కోసం వేలిముద్ర తీసుకుంది. ఓటు కోసం వేలికి ఇంకు పెట్టింది. సంఘం లోను కోసం బ్యాంకుకు పిలిచింది. ఉపాధి హామీలో రోజూ ఫొటో తీసి హాజరు వేసింది. అంతకుముందు ఇద్దరు పిల్లలు పుట్టగానే పిల్లలు కాకుండా ఆపరేషన్ కోసం ఇంటి ముందుకే జీపు వచ్చింది, ఆమెను, వాడలో ఇంకో ముగ్గురిని ఎక్కించుకుని పోయి సాయంత్రం దింపింది. ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు ప్రభుత్వం పైసలు కూడా ఇస్తుంది, కాగితాల్లో దాని పేరే కూలి నష్టపరిహారం. అంటే ఆడమనిషి ఒక రోజు పని మానుకుంటే కూలి పోతుందన్న సంగతి ప్రభుత్వానికి తెలుసు. నలభై ఏళ్లుగా తెలుసు. పిల్లలు పుట్టకుండా ఆపాల్సి వచ్చినప్పుడు గుర్తున్న సంగతి, ఆమె ప్రాణం కాపాడాల్సి వచ్చినప్పుడు ఎందుకు గుర్తు లేదు?

నేను అడిగేది ముందుగా ఇదే. స్క్రీనింగ్‌కు వచ్చిన కూలి ఆడమనిషికి ఆ రోజు కూలి ఇవ్వండి. టీబీ ఉన్నవాళ్లకు తిండి కోసం నెలకు ఇంత అని ఖాతాలో డబ్బు వేస్తున్నారు, మంచి పని. ఇది అయిదేళ్లకు ఒక్క రోజు మాత్రమే. పాజిటివ్ వచ్చి పైఆసుపత్రికి పంపితే ఆ రోజులకు కూడా ఇవ్వండి, వెంట వచ్చే మనిషికి కూడా, ఎందుకంటే వరంగల్ ఎంజీఎంకైనా హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికైనా మా చిన్నమ్మ లాంటి మనిషి ఒక్కతే పోలేదు. మహాలక్ష్మి బస్సులో ఆమెకు జీరో టికెట్, చిన్నాయనకు పూర్తి చార్జీ, ఇద్దరి కూలీ పోతుంది. పరీక్షలో తేడా కనబడి కూడా తర్వాతి మెట్టు ఎక్కకుండా ఇంటికి పోయినవాళ్లను నేనే ఇద్దరిని చూశాను. అలాంటివాళ్లకు స్క్రీనింగ్ జరిగినట్టు మీ రిజిస్టర్లో ఉంటుంది.

పరీక్షను మనిషి దగ్గరికి తీసుకురండి, ఇది చేతకాని పని అని మాత్రం చెప్పకండి, ఎందుకంటే ఈ రాష్ట్రమే చేసి చూపించింది. 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలైనప్పుడు ఊరూరా గ్రామపంచాయతీలో, స్కూల్లో టేబుళ్లు వేసి కోటిన్నర మందికి పైగా కళ్లు చూశారు. మా ఊళ్లో కూడా వారం ముందే చాటింపు వేశారు, ఏ వాడవాళ్లు ఏ రోజు రావాలో రాసిన చీటీ ఇంటింటికీ ఇచ్చారు, మా అమ్మ చిన్నమ్మ ఇద్దరూ పోయి అద్దాలు తెచ్చుకున్నారు. ఆ రోజు చిన్నమ్మకు అవగాహన లేకపోవడం ఏమీ అడ్డం రాలేదు. రెండో విడత 2023 జనవరిలో మళ్లీ చేశారు. కంటి పరీక్షకు గది, తెర, లేడీ నర్సు అవసరం లేదు, దీనికి అవసరం, అంతే తేడా. పల్లె దవాఖానాలు ఉన్నాయి, సబ్ సెంటర్లు ఉన్నాయి, లేని తండాకు ఒక వ్యాన్ వస్తుంది.

ఏ రోజు అన్నది దయచేసి హైదరాబాద్‌లో కూర్చుని నిర్ణయించకండి. 2023 మార్చి 8న కరీంనగర్‌లో ఆరోగ్య మహిళ కార్యక్రమం మొదలుపెట్టి, ముందు 100 ఆసుపత్రుల్లో ప్రతి మంగళవారం ఆడవాళ్లకే అని పెట్టినప్పుడు నేను నిజంగా సంతోషించాను, ఇప్పటికీ అది మంచి ఆలోచన అనే అంటాను, అందులో రొమ్ము, ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు కూడా ఉన్నాయి. కానీ ఊరికి ఊరికి తీరిక వేరు. పత్తి ఊళ్లలో దసరా నుంచి సంక్రాంతి దాకా ఎవరూ దొరకరు. ఎండాకాలం ఉపాధి హామీ పని పొద్దున్నే మొదలై ఎండ ముదరకముందే అయిపోతుంది, రెండు మూడు నెలలు ఊళ్లో సగం మంది ఆడవాళ్లు ఒకే చోట ఉంటారు, పని దిగాక మధ్యాహ్నం ఇంటి దగ్గరే ఉంటారు. స్క్రీనింగ్‌కు అంతకంటే మంచి కాలం లేదు. జగిత్యాల, కామారెడ్డి వైపు బీడీలు చుట్టే అక్కలకు లెక్క వేరు, వాళ్లు రోజుకు ఇన్ని బీడీలని ఇవ్వాలి, బీడీ ఖార్ఖానాకు మాలు అప్పజెప్పే పూట వాళ్లందరూ ఒక దగ్గరికే వస్తారు. ములుగు దాటి ఏటూరునాగారం, కన్నాయిగూడెం, వాజేడు వైపు గూడేల్లో వేసవిలో తునికాకు కోతకు పోతారు, వానాకాలం వాగులు పొంగితే దారే ఉండదు, వాళ్ల నెల వాళ్లనే అడగాలి. సంఘం మీటింగులో గ్రామైక్య సంఘం అక్కలను అడిగితే పది నిమిషాల్లో చెప్తారు ఏ వారం, ఏ పూట అని.

సిగ్గు సంగతి కూడా చెప్పాలి, ఇది చిన్నది కాదు. మా చిన్నమ్మ ఎనిమిది నెలలు ఎందుకు దాచిపెట్టిందని అడిగితే, "మొగ డాక్టరు ఉంటడేమో అని" అన్నది. ఆమె చూసిన ఆసుపత్రి గది కాన్పుల గది, అక్కడ తిట్టించుకున్న సంగతి ఇరవై ఎనిమిదేళ్లయినా మర్చిపోలేదు. పేద ఆడమనిషి బట్టలు విప్పి బల్ల మీద పడుకుంటే ఆమెతో ఎలా మాట్లాడతారో మీకు తెలుసు, నాకూ తెలుసు, డబ్బు కట్టి పోయిన చోట నాతో ఎవరూ అలా మాట్లాడలేదు. ఇద్దరి మధ్య తేడా అక్కడ కూడా ఉంది. అయితే దీనికో దారి ఉంది. హెచ్‌పీవీ పరీక్షకు శాంపిల్ ఆడమనిషి తనే, తలుపు వేసుకుని, ఎవరూ చూడకుండా తీసుకోవచ్చు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆ పద్ధతిని ఒప్పుకుంది. టీబీ పరీక్షకు వాడే ట్రూనాట్ యంత్రం మీదే నడిచే హెచ్‌పీవీ పరీక్షను మన దేశంలోనే తయారు చేశారు. ఆ యంత్రాలు టీబీ కోసం ఇప్పటికే ఆసుపత్రుల్లో ఉన్నాయి. ఒక్క జిల్లాలో, ములుగులోనో మహబూబాబాద్‌లోనో, మొదలుపెట్టి చూడండి. కొత్తది ఏదైనా హైదరాబాద్‌లో మొదలై చివరికి ఏటూరునాగారం చేరుతుంది, ఈ ఒక్కసారి అటునుంచి మొదలుపెట్టండి.

ఆశా అక్కల మీద ఇంకో లక్ష్యం రుద్దమని మాత్రం నేను అడగడం లేదు. నెలకు పదివేలు కూడా చేతికి రాని మనుషులు, గర్భిణులు, టీకాలు, బీపీ, షుగర్, కుష్టు సర్వే, అన్నీ వాళ్లే. ముప్పై దాటినవాళ్ల ముప్పు అంచనా వేసే ఫారం నింపితే పది రూపాయలు ఇస్తారు. ఆ ఫారంలో "క్యాన్సర్ లక్షణాలు లేవు" అని టిక్ పడితే మీ లెక్కలో ఆ ఇల్లు అయిపోయినట్టే. చిన్నమ్మ ఫారం కూడా అలాగే అయిపోయి ఉంటుంది. రెండు ప్రశ్నలు అడిగి రాసుకోవడం వేరు, నర్సు చూడడం వేరు, ఈ రెండింటినీ ఒకే గంపలో వేసి ఇంత మందికి స్క్రీనింగ్ చేశాం అని పేపర్లో చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. వచ్చినవాళ్ల లెక్క కాదు, రానివాళ్ల లెక్క చూపించండి. ప్రతి సబ్ సెంటర్ పరిధిలో 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లు ఎంతమంది, నిజంగా పరీక్ష జరిగింది ఎంతమందికి, మిగిలినవాళ్లు ఏ వాడలో, ఏ తండాలో ఉన్నారు. పేర్లు వద్దు, సంఖ్యలు చాలు, గ్రామసభలో పింఛన్ల లెక్క చదివినట్టు చదవండి. ఎస్సీ వాడలో నూటికి అయిదుగురు, మెయిన్ రోడ్డు కాలనీలో నూటికి నలభై మంది అని ఒకసారి మైకులో చదివితే, ఆ తర్వాత క్యాంపు ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆరోగ్యశ్రీని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. మంచిదే. చిన్నమ్మ చికిత్స దాని కిందే జరిగింది, ఆసుపత్రిలో మమ్మల్ని మనుషుల్లా చూశారు, ఆ డాక్టర్లకు, సిస్టర్లకు చేతులెత్తి మొక్కుతాను. 25 సార్లు కరెంటు (రేడియేషన్) పెట్టారు, సోమవారం నుంచి శుక్రవారం దాకా, అయిదు వారాలు, ఆ తర్వాత లోపలి కరెంటు. ఆ రోజులన్నీ ఆసుపత్రి దగ్గర ఒక గదిలో అద్దెకున్నారు చిన్నమ్మ, చిన్నాయన. గది కిరాయి, తిండి, ఇద్దరి కూలి, ఇంటి దగ్గర పశువుల్ని చూసుకోవడానికి పెట్టిన మనిషి, ఇవి ఏ కార్డులోనూ లేవు. రెండు బర్రెలు అమ్మారు. వెనిగర్, దూది, ఒక నర్సు, ఒక రోజు కూలి, వీటన్నిటి ఖర్చు ఆ బర్రె తోకంత కూడా ఉండదు.

చిన్నమ్మ బతికే ఉంది. ఒక కాలు వాచి ఉంటుంది, ఎక్కువసేపు నిలబడలేదు, పత్తికి పోవడం లేదు. ఆటోలో ఆమె జాగాలో ఇప్పుడు కోడలు కూర్చుంటోంది. కోడలికి ముప్పై ఒకటి. ఆమెకు పరీక్ష చేయిద్దామని పోయిన నెల నేనే సెలవు పెట్టి, ఆమె రోజు కూలి నేనే ఇచ్చి, మంగళవారం తీసుకెళ్లాను. పరీక్ష చేసే సిస్టర్ ట్రైనింగ్‌కు వెళ్లిందట, వచ్చే మంగళవారం రమ్మన్నారు. ఆ మంగళవారం మిర్చి చేనులో పని దొరికింది, పోయింది. ఆ తర్వాత మంగళవారమూ పోయింది. నిన్న ఫోన్ చేస్తే "ఉగాది దాటినంక చూద్దాం అక్కా" అన్నది.

మీరు చెప్పండి, ఆమెను ఏ రోజు తీసుకురమ్మంటారో.

ఇట్లు,
నర్సంపేట పక్క ఊరి బిడ్డ,
హనుమకొండ